సముద్రపు అడుగు వాలుగా ఉన్నచోట లోతు ప్రవాహాలను కొలవడం: సమగ్ర మార్గదర్శి

రెండువేల మీటర్ల లోతులో నీరు ఎంత వేగంగా కదులుతోందో చెప్పడం ఇప్పుడంత కష్టమేమీ కాదు. సెకనుకు ఒక సెంటీమీటరు తేడాను పసిగట్టే పరికరాలు ఏడాది పొడవునా అక్కడే ఉండి పనిచేస్తాయి. తంటా అంతా రెండు ప్రశ్నలతోనే: ఆ నీరు ఎటు పోతోంది, మనం కొలిచింది సరిగ్గా ఎక్కడ? అడుగు చదునుగా ఉంటే ఈ రెంటిలో చిన్న పొరపాటు జరిగినా చెల్లిపోతుంది. వాలు మీద చెల్లదు.

ఒక లెక్క వేసి చూద్దాం. వాలు 4 డిగ్రీలు. ప్రవాహం ఒకే లోతున్న గీత వెంట సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో సాగుతోంది. పరికరంలోని దిక్సూచి 5 డిగ్రీలు తప్పు చూపిందనుకోండి. ఆ 20లో 1.7 సెంటీమీటర్లు వాలు పైకో కిందికో పోతున్నట్టు నమోదవుతుంది. 4 డిగ్రీల వాలు మీద అంత వేగంతో ఎక్కే నీరు రోజుకు సుమారు 105 మీటర్లు పైకి లేవాలి. నిజానికి చుక్క నీరు కూడా లేవలేదు.

ఇదేదో పట్టించుకోనక్కరలేని అంకె అనుకోవద్దు. 2021లో ఐర్లండ్‌కు పశ్చిమాన రాకాల్ ట్రఫ్ అంచున ఒక లోయలో ఫ్లోరెసిన్ రంగు వదిలి దాని వెంట పడిన పరిశోధకులకు, అడుగును ఆనుకున్న నీరు రోజుకు దాదాపు 100 మీటర్లు పైకెక్కుతున్నట్టు కనిపించింది. లోతు నీరు మళ్లీ పైకి ఎలా వస్తుందన్న పాత ప్రశ్నకు అది చాలా ముఖ్యమైన ఆధారం. అంటే మనం వెతుకుతున్న అసలు సంగతీ, 5 డిగ్రీల దిక్సూచి దోషమూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఈ మార్గదర్శిలో వేగం కంటే దిక్కు గురించీ చోటు గురించీ ఎక్కువ మాట్లాడబోయేది అందుకే.

మాటల విషయంలో ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. తెలుగులో ‘వాలు వెంట’ అంటే కిందికి జారడమే గుర్తొస్తుంది. ఇంగ్లీషు పరిశోధన పత్రాల్లోని ‘వాలు వెంట’కు అర్థం వేరు, లోతు మారకుండా పక్కకు సాగడం. ఈ గందరగోళం లేకుండా ఇక్కడ లోతు మారని దిశను ‘రేఖ వెంట’ అనీ, లోతు మారే దిశను ‘ఎగువకు, దిగువకు’ అనీ అంటాను. రేఖ అంటే సమలోతు రేఖ.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

వాలు మీద కొలతలకు వెళ్లేవారి అవసరాలు మూడు రకాలు. ఖండపు అంచు వెంట సాగే లోతు ప్రవాహం మొత్తం ఎంత నీటిని మోస్తోందో తెలుసుకోవడం ఒకటి. అడుగును ఆనుకుని ఉన్న కొన్ని పదుల మీటర్ల పొరలో నీరు ఎగువకు పోతోందా దిగువకు పోతోందా అన్నది రెండోది. లోయల్లో బురదతో కలిసి ఒక్కసారిగా దూసుకుపోయే ప్రవాహాలను పట్టుకోవడం మూడోది. ఒక దానికి వేసిన ఏర్పాటు ఇంకోదానికి పనికిరాదు. మొదటిదానికి వాలుకు అడ్డంగా వరసగా చాలా మూరింగులు (కింద లంగరు, పైన ఫ్లోట్లతో నిలువుగా నిలబెట్టి పరికరాలు కట్టిన తాళ్లు) కావాలి. రెండోదానికి ఒకే చోట అడుగుకు దగ్గరగా దట్టంగా పరికరాలు కావాలి. మూడోదానికి కావలసింది పరికరాలు బతికి బయటపడే ఉపాయం.

భూభ్రమణం వల్ల లోతు నీరు సాధారణంగా రేఖ వెంటే సాగుతుంది. ఎగువకు వెళ్తే నీటి స్తంభం పొట్టిదవ్వాలి, దిగువకు వెళ్తే సాగాలి, ఈ రెంటినీ అది అడ్డుకుంటుంది. అందుకే రేఖ వెంట వేగం పెద్దది, ఎగువ-దిగువ వేగం దాని పక్కన చాలా చిన్నది. పెద్దదాని నీడలో చిన్నదాన్ని కొలవడమే వాలు మీద పని.

2. పటం: ఏ వాలు, ఎంత వాలు

ప్రపంచమంతటికీ దొరికే జెబ్కో లోతు పటంలో గడి పరిమాణం 15 ఆర్క్ సెకన్లు, అంటే సుమారు 460 మీటర్లు. పైగా చాలా చోట్ల అది నిజంగా కొలిచింది కాదు, ఉపగ్రహ గురుత్వ కొలతల నుంచి ఊహించి నింపింది. ప్రయాణం ప్రణాళిక వేసుకోవడానికి సరిపోతుంది, లంగరు వేయడానికి సరిపోదు. చోటికి చేరాక ముందు మల్టీబీమ్‌తో (ఒకేసారి చాలా ధ్వని కిరణాలు పంపి లోతు కొలిచే సోనార్‌తో) పటం తీయండి. ఒక డిగ్రీ కిరణమున్న మల్టీబీమ్ 2000 మీటర్ల లోతులో సుమారు 35 మీటర్ల వెడల్పు మచ్చను చూస్తుంది. గండ్లు, గుట్టలు, పాత జారుడు మచ్చలు తెలియడానికి అది చాలు.

ఓడలోని మామూలు ఏకకిరణ ఎకో సౌండర్‌ను వాలు మీద నమ్మకండి. దాని కిరణం వెడల్పు, కాబట్టి మొదట తిరిగొచ్చే ప్రతిధ్వని ఓడ కిందనున్న చోటు నుంచి కాక ఎగువ వైపు దగ్గరగా ఉన్న నేల నుంచి వస్తుంది. 10 డిగ్రీల వాలు మీద 2000 మీటర్ల లోతును అది 1970 అని చూపిస్తుంది.

పటం చేతికొచ్చాక వాలు దిశను రెండు మూడు కొలమానాల్లో లెక్కగట్టి రాసి పెట్టుకోండి: ఒక కిలోమీటరు సగటుతో ఒకసారి, 5 కిలోమీటర్ల సగటుతో ఒకసారి, 10 కిలోమీటర్లతో ఒకసారి. మూడూ ఒకేలా రావు. చిన్న గండి పక్కన ఉంటే ఒక కిలోమీటరు వాలు 30 డిగ్రీలు పక్కకు తిరిగి ఉండొచ్చు. పెద్ద ప్రవాహం ఆ చిన్న గండిని పట్టించుకోదు, అడుగు పొర మాత్రం పట్టించుకుంటుంది. ఏ రేఖను ‘రేఖ’ అనాలో డేటా చూశాక తేల్చుకుంటే మనకు నచ్చిన జవాబుకు సరిపోయే రేఖనే ఎంచుకునే ప్రమాదం ఉంది. ముందే రాసి పెట్టుకోమనడం అందుకే.

3. ఓడెక్కక ముందే వేసుకోవాల్సిన లెక్కలు

ఘర్షణ పొర మందం ఒకటి. ప్రవాహం సెకనుకు 10 సెంటీమీటర్లుంటే మధ్య అక్షాంశాల్లో అడుగు ఎక్మన్ పొర (నేల ఘర్షణ, భూభ్రమణం కలిసి నీటి దిక్కును తిప్పే పొర) సుమారు 15 మీటర్లు, 20 సెంటీమీటర్లుంటే దాదాపు రెట్టింపు. ఉత్తరార్ధగోళంలో ఈ పొరలోని నీరు పై ప్రవాహానికి ఎడమకు తిరుగుతుంది. ప్రవాహానికి కుడిపక్కన గట్టు, ఎడమపక్కన లోతు ఉంటే పొరలోని నీరు దిగువకు జారుతుంది. గట్టు ఎడమన ఉంటే ఎగువకు ఎక్కుతుంది. దక్షిణార్ధగోళంలో ఇదంతా తారుమారు. దిగువకు జారే నీరు తేలికైన నీటిని బరువైన నీటి కిందికి తోస్తుంది. అప్పుడు పొర కలిసిపోయి, పైన చెప్పిన మందం కంటే బాగా లావెక్కుతుంది. కాబట్టి అన్ని పరికరాలనూ 15 మీటర్లలో ఇరికించకండి. అడుగు నుంచి 5, 10, 20, 50, 100, 200 మీటర్లు, ఇలా దూరాన్ని పెంచుకుంటూ పోవడం నాకు నచ్చిన పద్ధతి.

వాలు మీద ఇంకో వింత ఉంది. పొరలో ఎక్కిన లేదా దిగిన నీరు తనతోపాటు సాంద్రతను మార్చేసి, కొంతకాలానికి అడుగు దగ్గర ప్రవాహాన్నే నెమ్మదింపజేస్తుంది. అంటే 10 మీటర్ల ఎత్తున వేగం తక్కువగా కనిపిస్తే అది ఘర్షణ వల్ల కావచ్చు, సాంద్రత వల్ల కావచ్చు. రెంటినీ విడదీయాలంటే ప్రతి ప్రవాహమాపకం పక్కనా ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరం ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ముందు కోసేది దీన్నే. తర్వాత బాధపడేదీ దీని గురించే.

రెండో లెక్క ఆటుపోట్లది. 12.42 గంటల ఆటుపోటు నీటి లోపల అంతర్గత అలలను లేపుతుంది. ఆ అలల కోణమూ వాలు కోణమూ కలిసినచోట శక్తంతా అడుగు దగ్గరే పోగుపడి ప్రవాహం ఊగిసలాడుతుంది. 43 డిగ్రీల అక్షాంశం దగ్గర, లోతు నీటి సాంద్రతా స్థిరత్వ పౌనఃపున్యం (సాంద్రత పొరలు ఎంత గట్టిగా నిలుస్తాయో చెప్పే అంకె) సెకనుకు 0.001 రేడియన్లు అనుకుంటే ఆ కీలక కోణం 5.7 డిగ్రీలు. స్థిరత్వం రెట్టింపైతే 2.8 డిగ్రీలకు దిగుతుంది. ఖండపు వాలు సగటున ఈ మధ్యలోనే ఉంటుంది కాబట్టి మీ చోటు కీలక కోణానికి దగ్గర్లో ఉండే అవకాశం బాగానే ఉంది. అలాంటిచోట గంటకొక కొలత తీస్తే మోసపోతారు. పది పదిహేను నిమిషాలకొకటి తీసేలా పెట్టుకుని, బ్యాటరీ లెక్క దాన్నిబట్టి చూసుకోండి.

4. పరికరాలు

లోతు ప్రవాహాలను నేరుగా పట్టుకున్న పాత పద్ధతుల్లో తేలియాడే గొట్టాలు ఒకటి. సముద్ర శాస్త్రజ్ఞుడు జాన్ స్వాలో అల్యూమినియం గొట్టాలతో ఒక లోతులో నిలిచి తేలే ఫ్లోట్లు చేశాడు. 1957లో వాలెంటైన్ వర్తింగ్‌టన్‌తో కలిసి వాటి చప్పుడు వింటూ, గల్ఫ్ స్ట్రీమ్ అడుగున నీరు దక్షిణానికి పోతోందని చూపించాడు. ఇప్పటికీ ఫ్లోట్లు పనికొస్తాయి, కానీ అడుగును ఆనుకున్న పొరలో కాదు. అక్కడికి మూరింగే గతి.

ఒకే బిందువు దగ్గర కొలిచే ధ్వని ప్రవాహమాపకాలు నిఖార్సైనవి. 6000 మీటర్ల లోతును తట్టుకునేవి మామూలుగా దొరుకుతాయి. ఏడీసీపీ (ధ్వని కిరణాలు పంపి, నీటిలోని రేణువుల ప్రతిధ్వని నుంచి వేగం లెక్కగట్టే పరికరం) నిలువునా చాలా ఎత్తుల్లో ఒకేసారి కొలుస్తుంది. కాకపోతే లోతు నీళ్లలో ధ్వనిని వెనక్కి పంపే రేణువులు తక్కువ. 300 కిలోహెర్ట్జ్ పరికరానికి కాగితం మీద రాసిన పరిధిలో సగం కూడా రాకపోవచ్చు. 75 కిలోహెర్ట్జ్‌ది అనుకూలమైన నీళ్లలో 500 మీటర్ల పైగా చూస్తుంది గానీ, దాని కొలత గళ్లు పెద్దవి. అడుగు పొరకు అది మొద్దు కత్తి.

ఈ రెంటిలో ఒకటే కొనగలిగితే, అడుగు పొర కోసమైతే నేను ఏడీసీపీకే ఓటేస్తాను. దానికి ఒకే దిక్సూచి ఉంటుంది. అది తప్పినా అన్ని ఎత్తుల్లోనూ ఒకే కోణంతో తప్పుతుంది. కాబట్టి 100 మీటర్ల ఎత్తుకూ 10 మీటర్ల ఎత్తుకూ మధ్య ప్రవాహం ఎంత తిరిగిందన్నది ఆ దోషం నుంచి బయటపడుతుంది. అయిదు వేర్వేరు పరికరాలు పెడితే అయిదు దిక్సూచులు, అయిదు రకాల తప్పులు.

5. వాలును ఏడీసీపీ ఎలా చూస్తుంది

పరికరం అడుగు నుంచి 100 మీటర్ల పైన వేలాడుతూ కిందికి చూస్తోంది. నాలుగు కిరణాలు, ఒక్కోటి నిలువుకు 20 డిగ్రీల వాలు. ప్రతి కిరణం పక్కలకు కొంత ధ్వని కారుతుంది. అది నేలను తాకి వచ్చే ప్రతిధ్వని చాలా బలమైనది కాబట్టి, ముఖ్య కిరణంలోని బలహీనమైన ప్రతిధ్వనిని ముంచేస్తుంది. చదును నేల మీద దీనివల్ల చివరి 6 మీటర్లు పోతాయి. 10 డిగ్రీల వాలు మీద 7.5 మీటర్లు, 20 డిగ్రీల వాలు మీద 11.7 మీటర్లు. ఆ చివరి కోణం దగ్గర ఎగువ వైపు కిరణం నేలను సరిగ్గా లంబంగా ఢీకొంటుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఏడీసీపీ తన నాలుగు కిరణాలూ ఒకే నీటిని చూస్తున్నాయని నమ్మి వేగం లెక్కగడుతుంది. 80 మీటర్ల దిగువన ఎదురెదురు కిరణాల మధ్య దూరం 58 మీటర్లు. వాలు 10 డిగ్రీలైతే ఆ రెండు చోట్లా నేల ఎత్తులో తేడా 10 మీటర్లు. అంటే ఒక కిరణం నేలకు దాదాపు 15 మీటర్ల పైనున్న నీటిని చూస్తుంటే, ఎదుటిది 25 మీటర్ల పైనున్న నీటిని చూస్తోంది. వేగం ఎత్తుతోపాటు వేగంగా మారే పొరలో ఈ రెంటినీ కలిపి ఒక అంకె ఇస్తే ఆ అంకె ఏ ఎత్తుదీ కాదు.

దీనికి మందు రెండు రకాలు. పరికరాన్ని కిందికి దించి, 30–40 మీటర్ల ఎత్తున పెడితే కిరణాలు అంతగా విడిపోవు. లేదా కిరణాల ముడి డేటానే నమోదు చేసి, తర్వాత ప్రతి కిరణాన్నీ నేల నుంచి ఎత్తు ప్రకారం సరిపెట్టుకోవాలి. ఏది చేసినా, డేటాను భూమి దిక్కుల్లోకి మార్చి సగటు తీసి దాచే అమరికను మాత్రం పెట్టకండి. ముడి కిరణ డేటా ఉంటే తప్పును తర్వాతైనా దిద్దుకోవచ్చు. సగటులో కలిసిపోయాక దేవుడు కూడా విడదీయలేడు.

నేల మీద కూర్చునే చట్రం వాడాలనుకుంటే వంపు చూసుకోండి. చాలా ఏడీసీపీలు 15–20 డిగ్రీల వంపు దాటితే సరిగ్గా పనిచేయవు. నేలే 10 డిగ్రీలుండి, ఒక కాలు బురదలో దిగబడితే ఆ హద్దు ఎంతో దూరంలో లేదు. పరికరాన్ని గింబల్‌లో (చట్రం ఎటు వంగినా పరికరాన్ని నిటారుగా ఉంచే అమరికలో) బిగించడం తప్పనిసరి. ఏటవాలు మరీ ఎక్కువైనచోట చట్రం మాట మరిచిపోయి మూరింగ్‌కే వెళ్లండి.

6. దిక్సూచి

ఎంత ఓపిక ఉంటే అంతా ఇక్కడ ఖర్చుపెట్టండి.

పరికరాన్ని ఏ చట్రంలో, ఏ బ్యాటరీలతో, ఏ బోల్టులతో దించబోతున్నారో అచ్చంగా అలాగే అమర్చి సరిచూడాలి. ఓడకు, ఇనుప స్తంభాలకు, వాహనాలకు దూరంగా, చెక్క బల్ల మీద పెట్టి పూర్తి చుట్టు తిప్పండి. ప్రతి 30 డిగ్రీలకూ ఆగి, అసలు దిశనూ పరికరం చూపిందాన్నీ రాసుకోండి. తేడాను గీస్తే, ఒక చుట్టుకు ఒకసారి లేచిపడే అల కనిపిస్తే దగ్గర్లో శాశ్వతంగా అయస్కాంతమైన లోహం ఉందని అర్థం. రెండుసార్లు లేచిపడితే మెత్తని ఇనుము భూమి క్షేత్రాన్ని వంచుతోందని అర్థం. రెంటికీ దిద్దుబాటు ఉంది.

బ్యాటరీ డబ్బాలు ఉక్కువి. అవి అయస్కాంతాలవుతాయి. ఒకసారి మేం పాత బ్యాటరీలతో చక్కగా సరిచూసి, ఓడ బయల్దేరే ముందురోజు కొత్తవి మార్చాం. మళ్లీ సరిచూడ్డానికి టైమ్ లేదని ఊరుకున్నాం. ఏడాది తర్వాత డేటా తెరిస్తే, 20 మీటర్ల తేడాతో వేలాడిన రెండు పరికరాల మధ్య దిక్కు 9 డిగ్రీలు తేడా. పొరలో ప్రవాహం తిరిగిన అందమైన సాక్ష్యమని రెండు వారాలు మురిసిపోయాం. తర్వాత చూస్తే ఆ తేడా పై పరికరం ఉత్తరానికి తిరిగినప్పుడు ఒకలా, దక్షిణానికి తిరిగినప్పుడు ఇంకోలా మారుతోంది. నీటికి పరికరం ఎటు తిరిగిందన్న పట్టింపు ఉండదు. బ్యాటరీకే ఉంటుంది.

అయస్కాంత ఉత్తరం నుంచి నిజమైన ఉత్తరానికి మార్చేటప్పుడు కొలత జరిగిన కాలపు దిక్పాతమే (ఆ రెండు ఉత్తరాల మధ్య కోణమే) వాడండి. ప్రపంచ అయస్కాంత నమూనాను అయిదేళ్లకోసారి కొత్తగా విడుదల చేస్తారు, మీ సాఫ్ట్‌వేర్‌లో ఏది ఉందో చూడండి. దిక్పాతాన్ని పరికరంలోనే ఒకసారి, లెక్కలో ఇంకోసారి కలిపేయడం అందరూ ఒక్కసారైనా చేసే తప్పు. పరికరంలో సున్నా పెట్టి, లెక్కలోనే కలపడం క్షేమం.

7. మూరింగ్ దించడం

కింద లంగరు, ఎక్కువగా పాత రైలు చక్రాలు. దాని మీద గొలుసు, ఆపైన జంటగా రెండు అకౌస్టిక్ రిలీజులు (ఓడ నుంచి ధ్వని ఆదేశం అందగానే లంగరును వదిలేసే కొక్కేలు). ఒకటి మొండికేస్తే రెండోది తెరుచుకుంటుందని జంట. ఆపైన తాడు, పరికరాలు, ఫ్లోట్లు. 17 అంగుళాల గాజు బంతి ఒక్కోటి సుమారు 25 కిలోల తేలుడు బలం ఇస్తుంది. బంతులన్నీ ఒకేచోట కట్టకుండా మధ్యమధ్య పంచండి. తాడు ఎక్కడ తెగినా మిగిలిన ముక్క తేలి రావాలి. వేర్వేరు లోహాలు తాకే ప్రతి చోటా ప్లాస్టిక్ బుష్‌లు వేయండి, లేకపోతే ఏడాదిలో బోల్టు మాయమవుతుంది.

దించేటప్పుడు పై ఫ్లోటును ముందు నీళ్లలో వేసి, తాడంతా ఓడ వెనక పరుచుకుంటూ, చివర లంగరు వదలడం రివాజు. లంగరు మునిగేటప్పుడు తాడు ఈడ్పు వల్ల వదిలిన చోట కాకుండా కొంచెం వెనక్కి పడుతుంది. ఆ దూరం సాధారణంగా లోతులో పదో వంతు లోపు. చదునులో ఇది పెద్ద విషయం కాదు. వాలు మీద 300 మీటర్లు పక్కకు పడితే, 4 డిగ్రీల వాలులో లోతు 21 మీటర్లు మారుతుంది, 10 డిగ్రీల్లో 53 మీటర్లు. అడుగు నుంచి పరికరాల ఎత్తు మారదు, అది తాడు పొడవును బట్టి ఉంటుంది. మారేది మీరు ఏ రేఖ మీద కూర్చున్నారన్నది.

ఉపాయం తేలికే: రేఖకు అడ్డంగా కాకుండా రేఖ వెంటే ఓడను నడుపుతూ రండి. అప్పుడు లంగరు వెనక్కి పడ్డా ముందుకు పడ్డా అదే లోతులో ఉంటుంది. గాలి, పై ప్రవాహం వేరే దిశలో ఉంటే కెప్టెన్‌కు ఇది నచ్చదు. ముందురోజే కూర్చుని పటం చూపించి ఒప్పించండి, డెక్ మీద వాదన పెట్టుకోవద్దు.

లంగరు వదిలే క్షణం ఎన్నిసార్లు చూసినా ఊపిరి బిగబట్టాల్సిందే. కొక్కెం తెరుచుకుంటుంది, చక్రాలు ఒక్క దెబ్బతో నీళ్లలోకి పోతాయి, ఓడ తోక కొంచెం పైకి లేస్తుంది. కిలోమీటరు వెనకనున్న పసుపు ఫ్లోటు నింపాదిగా ఓడ వైపు కదలడం మొదలుపెట్టి, వేగం పుంజుకుని, నురగ చిమ్ముతూ మునిగిపోతుంది. తర్వాత డెక్ యూనిట్ (ఓడ మీంచి రిలీజుకు ధ్వని సంకేతాలు పంపే పెట్టె) దగ్గర అందరూ మూగుతారు. రిలీజును పిలిచిన ప్రతిసారీ దూరం పెరుగుతూ వస్తుంది: 1412, 1655, 1890, 2064, 2118, 2119, 2119. ఆ చివరి రెండు అంకెలు ఒకటే అయ్యేదాకా ఎవరూ కాఫీకి కదలరు. ఓడ కదలకుండా ఉన్నా అంకె పెరుగుతూనే ఉంటే లంగరు వాలు మీద జారుతోందన్న మాట. ఏటవాలు చోట్ల చక్రాలకు తోడు నేలలో దిగబడే కొంకి లంగరు ఒకటి గొలుసుతో కలిపితే ఈ బెంగ తగ్గుతుంది.

ఆ తర్వాత మూడు వైపుల నుంచి, లోతుకు సమానమైన దూరంలో నిలబడి, రిలీజు దూరాన్ని కొలిచి చోటు నిర్ణయించండి. ధ్వని వేగం 1500 అని గుడ్డిగా వేయకండి. అసలుది 1490 అయితే 3000 మీటర్లకు 20 మీటర్ల తప్పు. వాలు మీద ఇంకో మెలిక: లోతు ముందే తెలుసనుకుని వృత్తాలు గీస్తే చోటు తప్పు వస్తుంది. ముందు ఉజ్జాయింపు చోటు, మల్టీబీమ్ పటంలో అక్కడి లోతు, ఆ లోతుతో మళ్లీ చోటు, ఇలా రెండు మూడుసార్లు తిప్పితే నిలకడకు వస్తుంది.

8. బురద ప్రవాహాలుండే లోయలైతే

కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ లోయలో 2015 నుంచి 2017 వరకు వరసగా పరికరాలు పెట్టి కొలిచారు. 2016 జనవరి 15న ఒక బురద ప్రవాహం 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తింది, ఈ కొలతల్లో సెకనుకు 7.2 మీటర్ల దాకా వేగం నమోదైంది. ఆ ప్రయోగంలో 800 కిలోల బరువైన వస్తువులు కూడా కిలోమీటర్ల కొద్దీ కొట్టుకుపోయాయి. ఇలాంటి లోయలో నేల మీద చట్రం పెడితే దాని మీద ఆశ వదులుకోవడమే. పరికరాలను కొన్ని పదుల మీటర్ల పైన వేలాడదీసి కిందికి చూపించండి. పీడనం, వంపు నమోదు చేసే సెన్సార్లు తప్పక ఉండాలి. మూరింగే కదిలిపోయిన రోజు, ప్రవాహ వేగంగా కనిపించేది మూరింగ్ వేగమో నీటి వేగమో వాటితోనే తెలుస్తుంది.

9. ఓడ మీంచి, సాంద్రత నుంచి, పీడనం నుంచి

సీటీడీ (లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలుస్తూ ఓడ నుంచి దించే పరికరం) చట్రానికి ఏడీసీపీ కట్టి దించితే పై నుంచి అడుగు దాకా ఒక్కసారి వేగం బొమ్మ వస్తుంది. దోషం సెకనుకు 2–3 సెంటీమీటర్లు. అడుగు దగ్గరికి వచ్చాక నేలను చూసి తన కదలికను సరిదిద్దుకుంటుంది కాబట్టి అక్కడే కొంచెం నమ్మకం ఎక్కువ. కానీ ఒక్కసారి దించితే దొరికేది ఆటుపోట్లతో కలిసిన క్షణచిత్రం. ఒకే చోట 25 గంటలు దించుతూ లేపుతూ ఉంటే రెండు ఆటుపోట్ల చక్రాలు పూర్తయి, వాటిని తీసేయడం వీలవుతుంది. సిబ్బందికి నరకమే, అయినా ఒక రాత్రి చేయించండి.

సాంద్రత నుంచి ప్రవాహం లెక్కగట్టేవారిని వాలు ‘అడుగు త్రిభుజం’తో దెబ్బతీస్తుంది. రెండు స్టేషన్లలో (ఓడ ఆగి కొలిచే చోట్లలో) ఒకటి తక్కువ లోతుగా, ఒకటి ఎక్కువ లోతుగా ఉంటే, తక్కువ లోతున్న దాని అడుగు కింద పోల్చడానికి జత లేదు. 4 డిగ్రీల వాలు మీద స్టేషన్లు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే లోతు తేడా 700 మీటర్లు, త్రిభుజం వైశాల్యం మూడున్నర చదరపు కిలోమీటర్లు. అందులో నీరు సెకనుకు 15 సెంటీమీటర్ల చొప్పున పోతుంటే, సెకనుకు అయిదు లక్షల ఘనపు మీటర్లు లెక్కలోంచి జారిపోతాయి. గట్టును హత్తుకుని సాగే లోతు ప్రవాహం బలంగా ఉండేది సరిగ్గా ఆ త్రిభుజంలోనే. స్టేషన్లు దగ్గరగా వేయడం, త్రిభుజంలో నేరుగా ప్రవాహమాపకాలు పెట్టడం తప్ప దొడ్డిదారి లేదు. అమెరికా ఈశాన్య తీరం ఎదుట 2004 నుంచి 2014 వరకు నడిచిన లైన్ డబ్ల్యూ మూరింగ్ వరస ఈ తరహా పనికి మంచి నమూనా.

అడుగు పీడనమాపకాలు ఊరిస్తాయి. మధ్య అక్షాంశాల్లో 100 కిలోమీటర్ల వెడల్పున సెకనుకు ఒక సెంటీమీటరు ప్రవాహం మారితే పీడనంలో తేడా ఒక సెంటీమీటరు నీటి ఎత్తంత. 20 కిలోమీటర్ల వాలు మీద అది రెండు మిల్లీమీటర్లే. ఈ సెన్సార్లు ఏడాదికి అంతకు ఎన్నో రెట్లు వాటంతటవే జరుగుతాయి. పైగా రెండు పరికరాలూ వేర్వేరు లోతుల్లో ఉంటాయి, ఆ లోతుల తేడా మిల్లీమీటర్ల దాకా ఎవరికీ తెలియదు. కాబట్టి రోజుల నుంచి నెలల దాకా వచ్చే మార్పులకు వాటిని వాడుకోండి. సగటు ప్రవాహం అడగొద్దు.

10. తిరిగి తీయడం

పగటి వెలుతురులో, అలలు తగ్గాక రిలీజ్ చేయండి. లోయలోనైతే గోడల ప్రతిధ్వనులు ఆదేశాన్ని గందరగోళపరుస్తాయి, దిగువ వైపు ఓడను నిలిపి పిలవడం మేలు. ఫ్లోట్లు నిమిషానికి 60–100 మీటర్లు పైకి వస్తాయి. పరికరం డెక్ మీదికి రాగానే, కడగక ముందే, గడియారాన్ని జీపీఎస్ సమయంతో పోల్చి రాసుకోండి. వీలైతే అవే బ్యాటరీలతో దిక్సూచిని మళ్లీ చుట్టు తిప్పి సరిచూడండి. ముందూ తర్వాతా రెండు దిద్దుబాట్లుంటే మధ్యలో జరిగింది ఊహించవచ్చు.

11. డేటా మీద కూర్చున్నాక

మొదట వంపు, పీడనం చూడండి. బలమైన ప్రవాహంలో మూరింగ్ ఒరిగి పరికరం కిందికి దిగి ఉంటే ఆ గంటల కొలత వేరే ఎత్తుది. తర్వాత ఆటుపోట్లను తీసేసి, 40 గంటల లోపు ఊగిసలాటను వడగట్టండి.

ఇప్పుడు అక్షాలు తిప్పాలి. చాలామంది ప్రవాహపు సగటు దిశనే రేఖ దిశ అనుకుని అక్షాలను దానికి తిప్పేస్తారు. అప్పుడు ఎగువ-దిగువ సగటు సున్నా అవుతుంది, అవక తప్పదు. మీరే సున్నా చేసి, సున్నా వచ్చిందని రాసుకున్నట్టు. ఊగిసలాట ఎక్కువున్న దిశను రేఖ అనుకోవడం కూడా ప్రమాదమే. వాలు మీద రోజుల నుంచి వారాల వ్యవధితో నడిచే రాస్‌బీ తరంగాల్లో (భూభ్రమణం, వాలు కలిసి పుట్టించే నెమ్మదైన అలల్లో), వ్యవధి తగ్గేకొద్దీ నీరు రేఖకు ఏటవాలుగా ఊగుతుంది. పటం నుంచి ముందే రాసి పెట్టుకున్న దిశను తీసి, పొరకు పైన 150–200 మీటర్ల ఎత్తులోని దీర్ఘకాలిక సగటుతో పోల్చండి. రెండూ 5 డిగ్రీల లోపు కలిస్తే ముందుకు వెళ్లండి. పదిహేను తేడా ఉంటే సముద్రాన్ని అనుమానించే ముందు దిక్సూచిని అనుమానించండి, ఆ తర్వాత పటంలోని కొలమానాన్ని.

సగటుకు దోషం ఎంతో కూడా లెక్కగట్టాలి. పది నిమిషాలకొకటి చొప్పున ఏడాదికి యాభై వేల కొలతలున్నాయని ధీమా వద్దు. లోతు ప్రవాహం పది రోజులకోసారి మారుతుందనుకుంటే నిజంగా స్వతంత్రమైన కొలతలు 36 మాత్రమే. ఎగువ-దిగువ వేగం సెకనుకు 4 సెంటీమీటర్ల మేర ఊగిసలాడుతుంటే, ఏడాది సగటులో దోషం 0.7 సెంటీమీటర్లు. సగటు ఒక సెంటీమీటరు వచ్చిందంటే అది ఉందనీ అనలేం, లేదనీ అనలేం. ఇంకో ఏడాది మూరింగ్ వేయాలి, లేదా పక్కనే ఇంకో రెండు వేయాలి.

చివరి పరీక్ష మరొకటి ఉంది. డెక్ మీద దీన్ని చేసేవారు తక్కువ. ఎగువకు పోతున్న నీరు చల్లగా ఉండాలి, దిగువకు జారుతున్నది వెచ్చగా ఉండాలి. కింది పరికరం పక్కన పెట్టిన ఉష్ణోగ్రత రికార్డును, ఎగువ-దిగువ వేగంతో కలిపి ఒకే కాగితం మీద గీయండి. నీరు ఎక్కుతోందని వేగం చెబుతుంటే ఉష్ణోగ్రత కూడా కొన్ని గంటల్లో పడిపోతూ కనిపించాలి. దిక్సూచి అబద్ధమాడుతున్న రోజున వేగం గీత ఎక్కుతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత గీత మాత్రం కదలదు.